మూత తీయని కోతి

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ సింహాలూ గాండ్రించే అడవి అనుకునేరు! కాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుమడులు, మధ్యలో సరుగుడు చెట్లూ జీడిమామిడి చెట్లూ. అంతే ఆ అడవి. అందులో ఒక కోతుల మంద ఉండేది.

కోతుల సంగతి మీకు నేను చెప్పాలా? ఇప్పుడు నా ముందే రెండు కూర్చుని ఉన్నాయి! కోతికి మూత కనిపిస్తే తీయాలి. మూట కనిపిస్తే విప్పాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే చూడాలి, చూసి ఊరుకోకూడదు, గోకాలి. అందుకే పెద్దవాళ్ళు "కోతి పుండు బ్రహ్మరాక్షసి" అన్నారు. ఒక కోతికి చిన్న గీత పడితే చాలు. మంద మందంతా వచ్చి "ఏదీ, ఏదీ" అంటూ తలో గోరూ పెట్టి, దాన్ని ఇంత పుండు చేసి పెడుతుంది. అదంతా ప్రేమతోనే సుమా. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ మందలో నూకాలు అనే తల్లి కోతి ఉంది. నూకాలుకు ఒక్కతే కూతురు. పేరు పిందె. గుప్పెడంత ఉండేది, నోరు మాత్రం ఊరంత.

ఒకరోజు కోతులన్నీ ఊరి చివర బెల్లం వండే చోటికి వెళ్ళాయి. పెద్ద పెనంలో చెరకు పాకం కుతకుత ఉడుకుతోంది. మనుషులు మజ్జిగ తాగడానికి అటు తిరిగారు. పిందె ఇటు దూకింది. గరిటెకు అంటుకున్న పాకాన్ని గబుక్కున నోట్లో పెట్టేసుకుంది.

ఇంకేముంది! పెదవులు కాలాయి, నాలుక కాలింది, అంగిలి కాలింది. అడవికి చేరేదాకా పిందె ఏడుపు ఆపలేదు.

ఇంటికి చేరగానే మంద చుట్టూ మూగింది.

"ఏదీ, నోరు తెరు!" అంది పెద్దమ్మ కోతి. వేలు పెట్టి చూసింది.

"నన్ను చూడనీ!" అన్నాడు బాబాయి కోతి. వాడూ వేలు పెట్టాడు.

"మీకేం తెలుసు, తప్పుకోండి!" అన్నాడు మందకు పెద్ద అయిన గవరయ్య. ఆయన రెండు వేళ్ళు పెట్టాడు.

తెల్లారేసరికి పిందె నోరు వాచిపోయింది. అరటిపండు ఇస్తే మింగలేదు. మామిడిపండు పెదవికి తగలగానే కెవ్వుమంది. తడి ఆకుతో పెదవులు తడిపితే ఆ నీళ్ళు మాత్రం కాస్త చప్పరించేది. ఊరంత నోరున్న పిల్ల మాట్లాడటం మానేసింది. తల్లి ఒళ్ళో పడి కళ్ళు మూసుకుంది.

నూకాలు ఆ పిల్లను ఊపుతూ కూర్చుంది.

"ఇలాగే ఇంకో నాలుగు రోజులు తినకపోతే నా పిల్ల గుంట నాకు దక్కదు," అని ఏడ్చింది.

మధ్యాహ్నం ఎండకు ఆగలేక పైడమ్మ అనే గేదె అడవి నీడకు వచ్చి పడుకుంది. ఊరి గేదె. నెమ్మది మనిషి... అదే, నెమ్మది గేదె. ఎంత చెప్పినా నమలడం ఆపి మాట్లాడదు. పిందెను చూసి, నమిలీ నమిలీ ఇలా అంది.

"నోరు కాలినోళ్ళకు మా ఇంటావిడ పెరుగు పెడతాది. పెరుగులో మెత్తటి పండు పిసికి పెట్టు."

పైడమ్మ వీపు మీద ఒక కొంగ కూర్చుని ఉంది. పేరు అప్పలకొండ. సముద్రపు ఒడ్డున చేపలు దించే చోట తిరిగేవాడు కాబట్టి లోకం చూసినవాడు.

"ఈ ఎండకి పెరుగు కూడా వేడెక్కిపోతాది," అన్నాడు అప్పలకొండ. "ఐసులా గడ్డ కట్టించి పెట్టు, నూకాలూ. చల్లదనానికి నోరు మొద్దుబారతాది. మంట తెలీదు. ముద్ద లోపలికి పోతాది."

"అదెలా చేస్తారు, అన్నా?"

"చేపల కోసం తెచ్చిన ఐసు ముక్కలు ఒడ్డున పారేస్తారు. ఆ ఐసులో రాళ్ళుప్పు కలపాలి. ఉప్పు పడితే ఐసు చలి ఇంకా ముదురుతాది. పెరుగు గిన్నెకి గట్టిగా మూత పెట్టి, ఆ ఐసులో దింపి, తిప్పుతూ ఉండాలి. ఐసుక్రీము అమ్మే ఐసు బండివాడు అలాగే చేస్తాడు. నేను రోజూ చూస్తాను కదా."

కొమ్మ మీద నుంచి గవరయ్య పకపకా నవ్వాడు.

"ఒలే నూకాలూ! మనది తినే జాతి, వండే జాతి కాదు. కోతి ఏటి, పెరుగు తోడెయ్యడం ఏటి!"

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "వండే జాతి కాకపోతే, ఈ ఒక్కసారికీ అవుతాను మావా," అంది. అని ఊరుకోలేదు, లేచి పనిలో పడింది.

ముందు పాలు కావాలి. "నా దూడ తాగగా మిగిలినవి నీవే, పిండుకో," అంది పైడమ్మ. నూకాలు ఒక మట్టి ముంత తెచ్చి పిండబోయింది. మొదటి ధార ముంతలో పడలేదు, నూకాలు కంట్లో పడింది. రెండోది చెవిలో పడింది. పైడమ్మకు చక్కిలిగిలి పుట్టి తోక ఝాడించింది. అయినా ఎలాగో ముంత నిండింది.

పాలు కాగాలి కదా. కోతులకు నిప్పెక్కడిది? పొద్దున్నే, బెల్లం పొయ్యి రాజేయక ముందు, నిన్నటి బూడిద ఇంకా వేడిగా ఉంటుంది. ఆ పొయ్యిని చూస్తేనే నూకాలుకు ఒళ్ళు మండింది. తన పిల్ల నోరు కాల్చిన పొయ్యి అది. అయినా తెల్లారగానే వెళ్ళి, ఆ బూడిదలోనే ముంత పూడ్చి పాలు కాచుకొచ్చింది. పాలు గోరువెచ్చన అయ్యేదాకా ఆగింది. పైడమ్మ ఇంటి పెరట్లో కవ్వానికి కాస్త పెరుగు అంటుకుని ఉంటే, కడగక ముందే వేలితో తీసి, ఆ తోడు పాలలో కలిపింది.

"తోడేశాక దాన్ని కదపకూడదు," అంది పైడమ్మ. "కదిపితే తోడుకోదు. దాని జోలికి పోనివ్వకు ఎవర్నీ."

నూకాలు ముంతను నీడలో పెట్టి, పండ్ల కోసం వెళ్ళింది. అదే తప్పయింది. ముంత మీద ఆకు మూత ఉంది. మూత అంటే కోతికి ఏమిటో చెప్పాను కదా?

పెద్దమ్మ వచ్చింది. "పాపం పిల్ల కోసం కదా, తోడుకుందో లేదో," అని ఆకు తీసి వేలు పెట్టింది. కాసేపటికి బాబాయి వచ్చి ముంతను ఊపి చూశాడు. ఆ తర్వాత గవరయ్య వచ్చాడు. మీకు తెలుసు కదా, ఆయన రెండు వేళ్ళు.

నూకాలు తిరిగి వచ్చేసరికి ముంతలో పెరుగు లేదు. పైన పుల్లటి నీళ్ళు, అడుగున విరిగిన ముక్కలు.

"ఎవరు వేలు పెట్టారు?" అని అరిచింది నూకాలు.

ఒక్కొక్కరూ ఒక్కో కొమ్మ వైపు చూశారు. కానీ అందరి మూతులూ తెల్లగా ఉన్నాయి.

మర్నాడు మళ్ళీ పాలు పిండింది, మళ్ళీ కాచింది, మళ్ళీ తోడేసింది. ఈసారి ముంత చుట్టూ చుట్టుకుని పడుకుంది. ఎవరొచ్చినా పళ్ళు చూపించింది. సాయంత్రానికి పెరుగు గట్టిగా, నున్నగా తోడుకుంది. నూకాలు దాన్ని చూసి ఎంత మురిసిపోయిందో!

"అప్పుడే మురిసిపోకు," అంది పైడమ్మ. "అందులో నీళ్ళున్నాయి. నీళ్ళతో గడ్డ కట్టిందంటే రాయే. గుంట పళ్ళు ఊడొస్తాయి. గుడ్డలో మూటకట్టి వేలాడదియ్యి. నీళ్ళన్నీ ఓడిపోతే వెన్నలా ఉంటాది."

నూకాలు ఒక పాత తువ్వాలు ముక్కను ఉతికి, పెరుగు మూటకట్టి కొమ్మకు కట్టింది. టపటపా నీళ్ళు కారాయి. అవి కారుతుండగా పండ్లు చూసుకుంది. జీడిమామిడి పండు వద్దనుకుంది, గొంతు పట్టేస్తుంది. పుల్లమామిడి అసలే వద్దు. బాగా మాగిన చక్కెరకేళి అరటిపండు, చేతిలో నలిగిపోయే సపోటా తీసుకుంది. గింజలు తీసేసి, పీచు లేకుండా మెత్తగా పిసికింది. నీళ్ళోడిన పెరుగులో కలిపింది. ఒడ్డున దొరికిన మూత ఉన్న స్టీలు గిన్నెలో ఆ ముద్ద పెట్టింది. పగిలిన బకెట్టులో ఐసు ముక్కలు పోసి, ఉప్పుమడి నుంచి రాళ్ళుప్పు తెచ్చి చల్లి, గిన్నెను అందులో దింపి తిప్పడం మొదలుపెట్టింది.

కాసేపు తిప్పింది. చేతులు నొప్పెట్టాయి. ఒళ్ళో పిందె మూలిగింది.

"అయిందేమో," అనుకుంది నూకాలు. మూత తీసి చూసింది. కాలేదు. మూత పెట్టింది.

ఇంకాస్త తిప్పింది. "ఇప్పుడు అయిందేమో." తీసి చూసింది. అంచుల్లో కాస్త గట్టిపడింది, మధ్యలో జారుగానే ఉంది. మూత పెట్టింది, కానీ తొందరలో సరిగ్గా బిగించలేదు.

మూడోసారి తీసినప్పుడు నిజంగానే కాస్త గట్టిపడినట్టు కనిపించింది. నూకాలుకు ఆత్రం ఆగలేదు. రుచి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు. వేలితో తీసి పిందె నోట్లో పెట్టేసింది.

పిందె కెవ్వున అరిచింది!

మూత సందులోంచి ఉప్పునీళ్ళు గిన్నెలోకి దిగాయి. కాలిన నాలుక మీద ఉప్పు పడితే ఎలా ఉంటుందో తలుచుకోండి. పిందె రెండు చేతులతో నోరు మూసుకుంది. తల్లి వైపు ఒకసారి చూసి, అటు తిరిగి పడుకుంది. అమ్మ చెయ్యి వేస్తే ఆ చెయ్యి తోసేసింది.

నూకాలుకు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? నిన్న వేళ్ళు పెట్టింది మంద. ఇవాళ మూత తీసింది తనే. తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

"చూశావా?" అన్నాడు గవరయ్య. "నేను ముందే చెప్పాను కదా? మన చేతులు ఊరుకునే చేతులు కావు. ఆ గిన్నె సముద్రంలో పారెయ్యి."

నూకాలు గిన్నె పారెయ్యలేదు. దాన్ని మంచినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించింది. పైడమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ మొదటి నుంచా?" అంది పైడమ్మ, జాలిగా.

"మళ్ళీ మొదటి నుంచే, అత్తా."

"పోనీ ఈసారి మూతకి తాడు కట్టు," అన్నాడు అప్పలకొండ.

"తాడు కడితే కోతికి విప్పడం రాదా, అన్నా?" అంది నూకాలు. "గిన్నెకి కాదు, నా చేతికి పడాలి కట్టు. అది నేనే వేసుకోవాలి. ఒక్క సంగతి చెప్పు. మూత తియ్యకుండా, లోపల గడ్డ కట్టిందో లేదో ఎలా తెలుస్తాది?"

అప్పలకొండ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు.

"చెవితో తెలుస్తాది," అన్నాడు. "తిప్పుతుంటే మొదట లోపల గలగలమంటాది. తర్వాత దబదబమంటాది. చివరికి చప్పుడు ఆగిపోతాది. ఆగాక కూడా ఇంకాసేపు తిప్పాలి. ఐసు బండివాడు మూత తియ్యడు, వింటాడు."

ఇక చూడండి నూకాలు పట్టుదల! పాలు పిండింది. ఈసారి కంట్లో ఒక్క ధార కూడా పడలేదు. కాచింది. తోడేసి, కదపకుండా కాపలా కాసింది. నీళ్ళోడ్చింది. పండ్లు పిసికి కలిపింది. మూత బిగించి, మళ్ళీ బిగించి, ఐసులో దింపింది. ఒక చెయ్యి మూత మీద, ఒక చెయ్యి గిన్నె పక్కన. తిప్పడం మొదలుపెట్టింది.

గలగల, గలగల.

బాబాయి కోతి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా! మామిడితోటలో కాపలావాడు లేడు! మందంతా వెళ్తోంది. బేగి రా!"

నూకాలు కడుపు అప్పటికే ఖాళీగా ఉంది. పిల్ల తినకపోతే తల్లికి ముద్ద దిగుతుందా? మామిడిపండు మాట వినగానే కడుపు గుర్రుమంది.

"మీరెళ్ళండి," అంది. తిప్పుతూనే ఉంది.

దబదబ, దబదబ.

గవరయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "మూత తియ్యి, చూస్తాను. నేను మందకు పెద్దని. ఒక్కసారి చూస్తే ఏటవుతాది?"

"ఒక్కొక్కరూ ఒక్కసారే చూశారు మావా. నేనూ ఒక్కసారే అనుకున్నాను," అంది నూకాలు. "నువ్వు పెద్దవాడివే. కానీ ఈ మూత తీస్తే నీ వేలు కొరుకుతాను."

గవరయ్యను అంత మాట అన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఆయన లేచి, మామిడితోటకు వెళ్ళిపోయాడు. అడవి నిశ్శబ్దమైంది. నూకాలు, నిద్రపోతున్న పిందె, గిన్నె. ఇంకెవరూ లేరు.

అసలు కష్టం అప్పుడు వచ్చింది. ఎవరో ఉంటే పళ్ళు చూపించి తరమొచ్చు. తన మనసును ఎలా తరుముతుంది?

"గట్టిపడిందేమో. కొంచెం చూస్తే పోలా," అంది మనసు. చల్లటి ఉప్పునీళ్ళకు వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అరచేతులు చిట్లి ఉప్పు మండుతోంది. చూస్తుండగానే బొటనవేలు మెల్లగా మూత అంచు కిందికి దూరింది.

నూకాలు ఆ వేలిని చూసింది. పక్కనే పిందె వీపు చూసింది. తన వైపు తిరగని ఆ చిన్న వీపు.

వేలు వెనక్కి తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవి గిన్నెకు ఆనించి తిప్పింది. చేతులు లాగేస్తున్నా తిప్పింది. ఏడుస్తూ తిప్పింది.

దబ... దబ...

చప్పుడు ఆగిపోయింది.

నూకాలు అప్పుడు కూడా మూత తీయలేదు. ఇంకాసేపు తిప్పింది. ఆ తర్వాత గిన్నె పైకి తీసి, మంచినీళ్ళతో కడిగి, మూత చుట్టూ ఒక్క ఉప్పు రవ్వ లేకుండా తుడిచింది. అప్పుడు తీసింది.

లోపల పెరుగూ పండూ కలిసి, లేత పసుపు రంగులో, వెన్నముద్దలా గడ్డ కట్టి ఉంది. ముందు తను నాలుకకు రాసుకుంది. ఉప్పు లేదు. తీయగా, చల్లగా ఉంది.

"పిందే," అని పిలిచింది.

పిందె ఇటు తిరిగింది. గిన్నెను చూడగానే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళ నిండా భయం.

నూకాలు ఆ చేతులు లాగలేదు. నోరు తెరవమని అడగలేదు. చిన్న ముక్క తీసి, ఒక ఆకు మీద పెట్టి, పిల్ల ముందుంచి, తన చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది.

"నీ ఇష్టం అమ్మా. నీ చేత్తో నువ్వే తిను. నేను పెట్టను," అంది.

పిందె ఆకు వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. వాసన చూసింది. ఆకు అంచున ముక్క కరిగి బొట్టుగా జారుతోంది. నూకాలు కదల్లేదు. పిందె ఒక వేలితో తాకి, ఆ వేలిని నాలుక చివర పెట్టుకుని, ఎప్పుడు మండుతుందా అని కళ్ళు మూసుకుంది.

మండలేదు.

ఇంకోసారి రాసుకుంది. తర్వాత ముక్క మొత్తం నోట్లో వేసుకుంది. మెల్లగా మింగింది. ఎన్నాళ్ళకో ఆ గొంతులోకి ఒక ముద్ద దిగింది. పిందె చెయ్యి చాపింది.

"ఇంకా," అంది.

నూకాలు భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో ముక్క పెట్టింది, ఇంకోటి పెట్టింది. గిన్నె సగమయ్యేసరికి పిందె అమ్మ ఒళ్ళోకి తనంతట తనే పాకి వచ్చింది. చిట్లిన ఆ అరచేతులు చూసి, వాటి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

మామిడితోట నుంచి తిరిగి వచ్చిన కోతులు పిందె తింటుంటే చూసి నోరు వెళ్ళబెట్టాయి. ఎవరూ గోరు పెట్టలేదు. ఎవరూ "ఏదీ, నోరు తెరు" అనలేదు. గవరయ్య మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఒలే నూకాలూ... మామిడిపండ్లు తెచ్చాం. తియ్యటివే. వాటితో కూడా చెయ్యొచ్చేటి?"

"చెయ్యొచ్చు మావా," అంది నూకాలు. "కానీ అందరూ తలా కాసేపు తిప్పాలి. ఒక్కరు కూడా మూత తియ్యకూడదు."

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అప్పలకొండ అటుగా ఎగురుతూ ఒక వింత చూశాడు. బకెట్టు చుట్టూ మందంతా కూర్చుని ఉంది. ఒకరు తిప్పుతున్నారు. మిగతా అందరూ రెండు చేతులూ పిర్రల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నారు! గవరయ్యైతే కళ్ళు కూడా మూసుకున్నాడు. ఒకసారి ఆయన కుడిచెయ్యి మెల్లగా బయటికి వచ్చింది.

నోరు పూర్తిగా మానిపోయిన పిందె ఊరంత గొంతుతో అరిచింది. "తాతా! చెయ్యి!"

గవరయ్య గబుక్కున చెయ్యి లోపల పెట్టేసుకున్నాడు.

నీతి: పట్టుదల అంటే చేతులు ఆపకుండా పనిచేయడం ఒక్కటే కాదు, ఆపాల్సిన చోట ఆ చేతుల్ని ఆపుకోవడం కూడా.